కాజా పురుడు

మే 3, శనివారం

ఈ డైరీ జనవరిలో ఒక మందుల కంపెనీ రెప్ ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా దగ్గుమందు సీసా బొమ్మ. ఇన్నాళ్ళూ కొట్లో కౌంటరు కింద పడి ఉంది. ఇవాళ ఇంటికి తెచ్చుకున్నాను. నాకు కోపంగా ఉంది. దాన్ని చెప్పుకోవడానికి ఇంట్లో కాజా తప్ప ఎవరూ లేరు. కాజా నిద్రపోతోంది.

కోపం మా వియ్యపురాలు శ్యామలాంబ గారి మీద. పోయిన ఆదివారం కాకినాడలో మా ప్రసన్నకి సీమంతం చేశారు. బాగా చేశారు, నేనేం అనను. భోజనాల దగ్గర ఆవిడ వచ్చి, నలుగురూ వినేలా, ఎంతో మర్యాదగా అన్నారు:

"అన్నయ్యగారూ, తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలనుకోండి. కానీ మీ ఇంట్లో ఆడదిక్కు లేదు కదండీ. వదినగారుంటే ఆ లెక్క వేరు. మేమే పోసుకుంటాం. మీరేం మనసులో పెట్టుకోకండి."

నేను నవ్వాను. పులిహోర మారు వడ్డించుకున్నాను. రెండో ముద్ద గొంతులో ఉండగా నా నోట్లోంచి ఈ మాట వచ్చేసింది: "అదేం కుదరదండీ. మా అమ్మాయి పురుడు మా ఇంట్లోనే. నేను పోస్తాను."

పంక్తి అంతా తలెత్తి చూసింది. ఎవరో ముసలాయన పొలమారి దగ్గాడు. ప్రసన్న తల వంచుకుని చేతి గాజులు సర్దుకుంది. నా వైపు ఉందో, అత్తగారి వైపు ఉందో ఆ తల వంపులో తెలియలేదు. నా వైపే అనుకుంటున్నాను.

మా ఆవిడ మీనా పోయి రెండేళ్ళయింది. ఆవిడ ఉంటే నా కాలు తొక్కేది. తొక్కే వాళ్ళు లేకపోతే మగాడు ఇలాగే మాట్లాడతాడు.

జూన్‌లో తొమ్మిదో నెల వస్తుంది. ఈలోగా నేను పురుడు పోయడం నేర్చుకోవాలి. మండపేట మెయిన్ రోడ్డులో పాతికేళ్ళుగా మందుల కొట్టు నడుపుతున్నాను. సగం ఊరు నన్ను "డాక్టరు గారూ" అంటుంది. ఎంత కష్టం?


మే 5

కాజా లావెక్కింది అనుకున్నాను. లావు కాదు, అజీర్తి అయుంటుంది.


మే 8, గురువారం

పక్కింటి రామలక్ష్మి గారు గోడ మీంచి చూసి తేల్చేశారు. "చూడిదండీ అది. ఇవాళో రేపో ఈనేస్తుంది. మీకింతవరకూ తెలీదా?"

తెలియదు. రోజూ నా కాళ్ళ మధ్యే తిరుగుతోంది. పొట్ట నేలకి వేలాడుతోంది. నేను దానికి అరుగుదల టానిక్ పోస్తున్నాను.

కాజా మీనా పెంచిన కుక్క. తాపేశ్వరం నుంచి వస్తుంటే దారిలో దొరికింది. ఒంటి రంగు చూసి ఆ పేరు పెట్టింది. నాకు కుక్కలంటే పెద్ద ఇష్టం లేదు. మీనా పోయాక ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. సరైన మనిషి దొరకలేదు. నేను ఎవరినీ అడగలేదన్నది వేరే సంగతి.

"దాని పురుటికి తూర్పు గది ఇద్దామనుకుంటున్నానండీ" అన్నాను.

రామలక్ష్మి గారు నన్ను అదోలా చూశారు. "కుక్క ఈనుతుందండీ. పురుడేంటండీ?"

ఆవిడకి ఏం తెలుసు. తూర్పు గదికి ప్రసన్న కోసం సున్నం వేయించాను. కాజాని అందులో పెట్టడం రిహార్సల్ ఏమీ కాదు. గది ఖాళీగా ఉంది, అంతే.

పాత దుప్పట్లు, మీనా నేత చీరలు రెండు పరిచాను. డెట్టాల్, దూది, గ్లవ్స్, కత్తెర, వేడినీళ్ళ ఫ్లాస్కు సిద్ధం. కాజా వీటన్నిటినీ వాసన చూసి, వెళ్ళి బాత్రూమ్ గుమ్మంలో పడుకుంది.


మే 11, ఆదివారం

పురుడు విజయవంతంగా పోశాను.

పొద్దున్న కాఫీ వేళ మొదలై మధ్యాహ్నం భోజనం వేళకి పూర్తయింది. ఆరు పిల్లలు. ఒక్కటి కూడా తేడా లేదు. ఎక్కడా కంగారు పడలేదు. ఏ నిమిషానికి ఏది చెయ్యాలో అది చేశాను. అనుభవం లేని వాడు చేసిన పని అంటే ఎవరూ నమ్మరు.

ప్రసన్నకి ఫోన్ చేసి చెప్పాను. "నువ్వే చేశావా నాన్నా?" అంది. "మరి ఎవరు చేస్తారు?" అన్నాను. తర్వాత, "అరిచిందా అది?" అని అడిగింది. "అలాంటివేం లేవమ్మా, అంతా నా కంట్రోల్‌లో ఉంది" అన్నాను. "మీ అత్తగారికి కూడా చెప్పు" అన్నాను.

చెప్పిందో లేదో.


మే 12

ఇక పథ్యం. అసలు పరీక్ష ఇదే. పిల్లని కనడం ఒక ఎత్తు, బాలింతని కాపాడుకోవడం ఒక ఎత్తు అనేది మా అమ్మ. ప్రసన్న పుట్టినప్పుడు మీనాకి అమ్మ చేసిన పథ్యం అంతా నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. ఎందుకంటే పచారీ కొట్టు నుంచి శొంఠి, పిప్పళ్ళు, వాము తెచ్చి ఇచ్చింది నేనే.

కారప్పొడి అన్నం, నెయ్యి. పెరుగు కూడదు. పాలు కూడదు. నీళ్ళు కాచి చల్లార్చి, నోరు తడుపుకునేంత. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుంది. పొద్దున్నే కాయం ఉండ, అంటే శొంఠీ పిప్పళ్ళూ దంచి కట్టే బాలింత మందు. కిటికీలు మూసెయ్యాలి, బాలింతకి గాలి సోకకూడదు. సాయంత్రం సాంబ్రాణి పొగ. చెవుల్లో దూది.

కాయం నేనే స్వయంగా దంచి బెల్లంపాకంలో కట్టాను. ఇల్లంతా ఘాటు. కాజా ఉండని నాలుకతో తాకి, తుమ్మి, నా మొహం చూసింది. మీనా కూడా మొదటిరోజు అలాగే చూసింది. అమ్మ వినిపించుకోలేదు. నేనూ వినిపించుకోలేదు. అన్నంలో కలిపేశాను.


మే 15

చెవుల్లో దూది పెట్టాను. విదిలించింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ విదిలించింది. మూడోసారి తీసి తినేసింది.

సాంబ్రాణి పొగకి నాకు దగ్గు వచ్చింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. మీనా చీర మీద పిల్లలన్నీ వరసగా పడుకుని ఉండడం చూసి కాదు. పొగకి.

ప్రసన్న వీడియో కాల్ చేసింది. "గది అంత చీకటిగా ఉందేంటి నాన్నా? కిటికీ తియ్యొచ్చుగా, ఈ ఎండల్లో" అంది. "నీకు తెలీదమ్మా, పురిటిగది అలాగే ఉండాలి" అన్నాను. వెనకాల నుంచి శ్యామలాంబ గారి గొంతు: "అన్నయ్యగారు భలే వారే!" మెచ్చుకోలే అది. ఇంకేమవుతుంది?


మే 18, ఆదివారం

కొట్టుకి సెలవు. పిల్లలకి నలుగు పెట్టి స్నానం చేయించాలని కూచున్నాను. కాళ్ళు బారచాపి, ఒక్కొక్క పిల్లనీ కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నువ్వులనూనె రాసి. మా అమ్మ ప్రసన్నకి అలాగే పోసేది. పసిపిల్ల ఏడుస్తూ ఏడుస్తూ ఆ కాళ్ళ మీదే నిద్రపోయేది.

కుక్కపిల్ల నిద్రపోదు. నూనెకి జారి నా మోకాళ్ళ సందులోంచి తప్పించుకుని పీట కింద దూరింది. దాన్ని పట్టుకుంటే రెండోది జారింది. కాజా లేచి వచ్చి, నేను నూనె రాసిన పిల్లనల్లా శుభ్రంగా నాకేసి, నా చేతులు కూడా నాకేసింది. నీళ్ళు పొయ్యకుండానే స్నానాల కార్యక్రమం ముగించాను.

కానీ పిల్లలు తెగ అరుస్తున్నాయి. రామలక్ష్మి గారు గోడ మీంచి, "పాలు చాలట్లేదేమోనండీ" అన్నారు. "పథ్యం నడుస్తోందండీ, పడతాయి" అన్నాను.


మే 19

పాలు పడడం లేదు. కాయం మోతాదు పెంచాను.


మే 22, గురువారం

కాజా పిల్లల దగ్గర ఎక్కువసేపు పడుకోవడం లేదు. తలుపు దగ్గరికి వచ్చి కింది సందులో ముక్కు పెట్టి ఒగరుస్తోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. బాలింత బయట తిరగకూడదని గడియ పెట్టాను.

అన్నిటికంటే చిన్న పిల్ల, తెల్లచుక్కది, బాగా నీరసించింది. బీరువాలోంచి ప్రసన్న ఉగ్గుగిన్నె తీశాను. వెండిది, ముక్కు కొంచెం సొట్టపోయింది. ఆవుపాలు గోరువెచ్చగా చేసి, పిల్లని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, పసిపిల్లకి పట్టినట్టే పట్టాను. గుటకలు వేసింది. నాకు ఎంత ఆనందం వేసిందంటే, అటు వైపు తిరిగి "చూశావా" అన్నాను. అటు ఎవరూ లేరు. గోడ ఉంది.

తర్వాత దాని ముక్కులోంచి పాలు వచ్చాయి. తుడిచాను. గురకలా వచ్చింది. నిద్ర పట్టిందనుకున్నాను.


మే 23

తెల్లచుక్కది పోయింది.

పెరట్లో కరివేపాకు మొక్క పక్కన పాతిపెట్టాను. కొట్టుకి వెళ్ళాను. ఎవరో దగ్గుమందు అడిగితే జ్వరం మాత్రలు ఇచ్చాను.

ప్రసన్న ఫోన్ చేసింది. పిల్లలన్నీ బాగున్నాయని చెప్పాను.


మే 24, శనివారం

ఇవాళ రాత బాగుండదు. చదివేది నేనే కాబట్టి ఫరవాలేదు.

పొద్దున్న గది గడియ తీసేసరికి కాజా తాగినవాడిలా నడుస్తోంది. వెనకకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి తోక ఊపబోయి పక్కకి పడిపోయింది. ఇక లేవలేదు. ఒళ్ళంతా ఒకటే కుదుపు. దాని కళ్ళు నన్ను దాటి ఎక్కడో చూస్తున్నాయి. రెండేళ్ళ క్రితం ఆసుపత్రిలో అలాంటి చూపు ఒకసారి చూశాను. మళ్ళీ చూడగలిగే ధైర్యం నాకు లేదు.

ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా దాన్ని ఒళ్ళో పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి చూసి, "ఎవరండీ మీకు?" అని అడిగాడు. కుక్క గురించి అలా ఎవరైనా అడుగుతారా? కూతురన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు.

డాక్టర్ దేవిశ్రీ గారు చిన్న వయసు, ప్రసన్న కంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటారేమో. చూడగానే సెలైన్ స్టాండు లాగి, ముంజేతి నరంలోకి కాల్షియం ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక చేత్తో సిరంజి, ఒక చేత్తో స్టెతస్కోపు. చాలా నెమ్మదిగా. గుండె చూసుకుంటూ ఎక్కించాలట, తొందరపడితే గుండె ఆగిపోతుందట. ఆ నెమ్మదిలోనే నన్ను ప్రశ్నలు అడిగారు.

"పాలిచ్చే కుక్కకి ఒంట్లో కాల్షియం అంతా పాలల్లోకి వెళ్ళిపోతుందండి. తిండి ఏం పెడుతున్నారు?"

"పథ్యం అండి."

"ఏం పథ్యం?"

చెప్పాను. కారప్పొడి, కాయం, కాచిన నీళ్ళు, కొంచెంగా. ఆవిడ చెయ్యి ఆగలేదు కానీ మొహం నా వైపు తిరిగింది.

"వెల్లుల్లి కూడా వేశారా అందులో?"

"దండిగా వేశానండి. పాలు పడతాయని."

"కుక్కలకి వెల్లుల్లి విషమండి. దీనికి కడుపునిండా తిండి, గిన్నెనిండా నీళ్ళు కావాలండి. మామూలు కంటే రెండింతలు. ఈ పథ్యం ఎవరు చెప్పారండీ మీకు?"

"మా అమ్మండి."

"అమ్మగారు కుక్కలని పెంచేవారా?"

"లేదండి. మా ఆవిడకి చేసింది."

ఆవిడ సిరంజి మీది గీత చూసుకున్నారు. తర్వాత, "మీ ఆవిడగారు..." అన్నారు.

"పోయిందండి. అంటే అప్పుడు కాదండి. మొన్నీమధ్య, రెండేళ్ళ క్రితం. పథ్యం వల్ల కాదండి" అన్నాను. కాజా మీద చెయ్యి వేసి ఇంకా ఏదేదో చెప్పుకుపోయాను. శ్యామలాంబ గారు, సీమంతం, పులిహోర, అన్నీ.

"మీరేం చేస్తుంటారండీ?" అన్నారు చివరికి.

"మెడికల్ షాపండి."

"మీ షాపులో కాల్షియం ఉండదా?"

"ఉంటుందండి. నేను కూచునే కుర్చీ వెనకే అర. మూడు కంపెనీలవి ఉన్నాయండి."

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

సిరంజి పూర్తయ్యేలోపు కాజా కుదుపు తగ్గింది. కాళ్ళు మెత్తబడ్డాయి. తల ఎత్తి, నా చొక్కా వాసన చూసింది. నేను బెంచీ మీద కూలబడి అందరి ముందూ ఏడ్చాను. పక్కన గేదెతో వచ్చినాయన నా భుజం తట్టి, తన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. దాహం కుక్కకేమో అనుకుని ముందు కాజాకి చూపించాడు.

ఇంటికి రాగానే కిటికీలన్నీ తీశాను. కాయం డబ్బా మోరీలో బోర్లించాను.


మే 25

డాక్టరు గారు ఫోన్‌లో ఇచ్చిన ఉత్తర్వు: పిల్లల్ని కొన్నాళ్ళు తల్లి దగ్గర పాలు తాగనివ్వకూడదు. నేనే పట్టాలి. పాలపొడి, సూది లేని సిరంజి. వెల్లకిలా కాదు, బోర్లా, తల కొంచెం పైకి. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయట.

ఆ మాట వినగానే కరివేపాకు మొక్క వైపు చూడలేకపోయాను. తెల్లచుక్కదాన్ని చంపింది నేనే. ప్రేమగా, వెండి గిన్నెతో.

పట్టాక తడి దూదితో కింద తుడవాలి, లేకపోతే వాటికి ఒంటికి రెంటికి రాదు. చెవుల్లో పెట్టడానికి తెచ్చిన దూది అంతా ఇప్పుడు అక్కడ వాడుతున్నాను. ఐదు పిల్లలూ నా లుంగీని నమ్మకంగా తడుపుతున్నాయి. రేపటి నుంచి కొట్టు సగం పూటే. బోర్డు మీద "అత్యవసర పని" అని రాసి వచ్చాను.

కాజా ఉడికించిన గుడ్లు, అన్నం, పెరుగు తింటోంది. గిన్నెడు నీళ్ళు గటగటా తాగి నా వైపు చూస్తుంది. ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడమే భరించలేకుండా ఉంది.


మే 27, మంగళవారం

ప్రసన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. పథ్యం, గడియ, తెల్లచుక్కది పోవడం, అబద్ధం చెప్పడం. ఒక్కటి దాచలేదు.

"శ్యామలాంబ గారు అన్నది నిజమేనమ్మా. నా వల్ల కాదు. కుక్కనే చంపబోయాను. పురుడు అక్కడే పోసుకోండి. నాకేం అనిపించదు."

ఫోన్ కట్ అయిందేమో చూశాను. కాలేదు.

"సరే నాన్నా" అంది. పెట్టేసింది.

ఇప్పుడు హాయిగా ఉంది. నెత్తి మీద బరువు దిగింది. చాలా హాయిగా ఉంది. అన్నం సహించలేదు, ఎండల వల్ల.


మే 28

పిల్లలు ఎట్టకేలకు కళ్ళు తెరిచాయి. వాటికి మొదట కనిపించింది నా మొహం. పాపం.

ఫోన్ రాలేదు.


మే 30

ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు. హాయిగానే ఉంది.


జూన్ 1, ఆదివారం

పొద్దున్న లుంగీ ఎగ్గట్టి, ఒక పిల్లని అరచేతిలో బోర్లా పట్టుకుని పాలు పడుతుంటే గుమ్మం ముందు కారు ఆగింది. ప్రసన్న దిగింది. వెనక అల్లుడు నిరంజన్ సూట్‌కేసు దించుతున్నాడు. ఇంత పెద్ద సూట్‌కేసు. నేను లేవబోయాను. "లేవకు, పాలు ముక్కులోకి పోతాయి" అంది మా అమ్మాయి.

చెప్పులు విడిచి, తిన్నగా తూర్పు గదిలోకి వచ్చి, గోడకి చేరబడి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నెమ్మదిగా కింద కూచుంది. కాజా లేచి వెళ్ళి ఆ పొట్టని వాసన చూసి, తల ఆనించి పడుకుంది.

నిరంజన్ సూట్‌కేసు పెట్టి, ఐదు పిల్లల్నీ, నా లుంగీనీ చూసి, "నేను కాఫీ పెడతానండి మామయ్యగారూ" అని వంటింట్లోకి పారిపోయాడు.

"అత్తగారికి కోపం వచ్చిందా?" అన్నాను.

"లేదు. నువ్వు చెప్పినవన్నీ ఆవిడకి చెప్పాను. తప్పయిందని ఫోన్ చేసి ఒప్పుకున్న మగాణ్ణి ఇంతవరకూ చూడలేదంది. నెల తిరిగాక తనూ వస్తుందట. వంట తను చూసుకుంటుందట. నిన్ను మాత్రం వంటింట్లోకి రానివ్వొద్దంది."

"మరి నువ్వెందుకమ్మా... నేనన్నీ చెప్పాను కదా."

ప్రసన్న కాజా చెవులు నిమురుతూ కూచుంది. చాలాసేపటికి అడిగింది.

"నాన్నా. ఆ రోజు దానికి బాగా నొప్పి వచ్చిందా?"

అప్పుడు చూశాను ప్రసన్న మొహం. సీమంతం నాటి నుంచీ ఎవరికి వాళ్ళం దాని పురుడు మాది మాది అని కొట్టుకున్నాం. ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఏ కిటికీ ముయ్యాలో అందరం చెప్పాం. పిల్ల భయపడుతోందని ఒక్కరం చూడలేదు. నేను అస్సలు చూడలేదు.

"వచ్చిందమ్మా" అన్నాను. "అరిచింది కూడా. అబద్ధం చెప్పాను నీకు. మొదటిది రావడానికి చాలాసేపు పట్టింది. ఒళ్ళంతా వణికింది. కానీ మధ్య మధ్యలో తగ్గేది. తగ్గినప్పుడల్లా చిన్న కునుకు తీసేది. ఒకటి వచ్చాక మాత్రం, ఆ నొప్పి సంగతే మర్చిపోయి, దాన్ని నాకుతూ కూచుంది. రెండో నొప్పి వచ్చేదాకా దానికి గుర్తే లేదు."

"నువ్వేం చేశావు అప్పుడు?"

డెట్టాల్, గ్లవ్స్, కత్తెర అని చెప్పబోయాను. అవి ఒక్కటీ విప్పలేదు.

"ఏం చెయ్యలేదమ్మా. బొడ్డు తాడు అదే కొరుక్కుంది. నేను వేడినీళ్ళ ఫ్లాస్కు తెద్దామని లేస్తే, అది కూడా లేచి, అంత నొప్పిలోనూ నా వెనకే వంటింట్లోకి వచ్చేసింది. మళ్ళీ కూచుంటే మళ్ళీ వచ్చి పడుకుంది. ఇంకోసారి లేచాను, మళ్ళీ లేచింది. దాంతో ఇక లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అలాగే కూచున్నాను. అంతే. నేను పోసిన పురుడు అంతే."

ప్రసన్న నా చేతిలోంచి పిల్లని తీసుకుంది. తప్పుగా పట్టుకుంది. సరిచేశాను, బోర్లా, తల కొంచెం పైకి.

"నాకూ అంతే కావాలి నాన్నా" అంది. "నువ్వు లేవకు."